పగటి ఫొటోలో రాత్రి

పోయినేడు నా కథల సంపుటి అచ్చుకి వెళ్లబోయే ముందు అట్టబొమ్మ వచ్చింది. చీకటి నగరం. వెనక ఎత్తైన భవనాలు, వాటి కిటికీల్లో అక్కడక్కడా పసుపుపచ్చ చుక్కలు. వానకి తడిసి మెరుస్తున్న రోడ్డు. మబ్బుల మధ్య పళ్ళెమంత చంద్రుడు. సరిగ్గా మధ్యలో, మనకి వీపు చూపిస్తూ నడిచిపోతున్న ఎర్రచీర ఆడమనిషి. పైట చెంగు గాల్లో ఎగురుతోంది.

ఆ పుస్తకంలో పదకొండు కథలుంటే తొమ్మిది బిట్రగుంట రైల్వే క్వార్టర్స్‌లో జరుగుతాయి. నెల్లూరు, కావలి మధ్యనున్న మా ఊళ్ళో ఆ రోజుల్లో మేడ ఉన్న ఇల్లే అపురూపం. ఫోన్ చేసి అడిగాను. బొమ్మ వేసిన అబ్బాయి చాలా మర్యాదగా, “పేరులో రాత్రి అని ఉంది కదండీ మేడం, అందుకని” అన్నాడు. కథలు చదివారా అని అడగలేదు. ఆ మాట అడిగే రచయిత్రుల గురించి వాళ్ళేమనుకుంటారో నాకు తెలుసు.

నాకు కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ వేసింది. రాత్రి అనగానే అంత తేలిగ్గా, అంత సిద్ధంగా, ఎక్కడి నుంచి వచ్చింది ఈ బొమ్మ? ఇంట్లో ఉన్న పుస్తకాలు తీసి చూశాను. కుంచెతో బొమ్మలు వేసిన కాలం నాటి సీరియల్ నవలల అట్టల మీద కూడా చీకటీ ఆడమనిషీ ఉన్నారు గానీ, ఆ బొమ్మలు ఒక్కో చిత్రకారుడివి ఒక్కోలా ఉండేవి. గత ఇరవయ్యేళ్ళ పుస్తకాల్లో ఆ చీకటంతా ఒకే దుకాణంలో కొన్నట్టుంది. హత్యల నవలకీ, అనువాద కవిత్వానికీ, ఒంటరి స్త్రీల మీద వ్యాసాలకీ అదే నీలం, అదే చంద్రుడు, అదే వీపు.

ఈ రాత్రిని ఎలా చేస్తారో నాకు చూపించింది మా తమ్ముడి కూతురు. ఫొటోషాప్ పని నేర్చుకుంది. బిట్రగుంటలోనే ఉంటుంది. “దీనికి రాత్రి అక్కర్లేదత్తా. పగలు తీసిన ఫొటో ఒకటుంటే చాలు” అంది. పగటి ఫొటో తీసుకుంటారు. ఆకాశాన్ని కత్తిరించి పారేస్తారు. కర్వ్స్ అనే పనిముట్టుతో వెలుగంతా కిందికి లాగుతారు. రంగులు సగానికి సగం చంపి, మీద నీలం పొర పరుస్తారు. ఇంకో ఫొటోలోంచి మబ్బులు, ఇంకో దాంట్లోంచి చంద్రుడు. తర్వాత ఒక్కో కిటికీనీ ఎంచుకుని పసుపు రంగు పూసి, ఆ పొరని స్క్రీన్ అనే పద్ధతిలో పెడితే దీపం వెలిగినట్టుంటుంది. దాని చుట్టూ కొంచెం మసక. రోడ్డు తడిగా కనపడాలంటే భవనాలనే తలకిందులు చేసి కింద అతికిస్తారు. చివరికి మనిషి.

అసలు ఇదంతా చెయ్యకుండా ఒక్క నొక్కుతో కూడా అవుతుందట. 2012లో వచ్చిన ఫొటోషాప్ సీఎస్6 నుంచీ దాని రంగుల పట్టికల్లో ‘నైట్ ఫ్రమ్ డే’ అనే పేరుతోనే ఒకటుంది. పగట్లోంచి రాత్రి. 2023 నుంచి మాటల్లో అడిగినా చాలు, అదే బొమ్మ పుట్టించి పెడుతోంది. అడిగి చూశాం. మేము ఆడమనిషి అని చెప్పకపోయినా ఆ పిల్ల వచ్చింది. వీపే వచ్చింది.

మొన్నమొన్నటి విద్య కాదిది. 1850ల్లో గుస్తావ్ లె గ్రే అనే ఫ్రెంచి ఫొటోగ్రాఫరు సూర్యుడికి ఎదురుగా నిలబడి పట్టపగలు తీసిన సముద్రం ఫొటోల్ని జనం వెన్నెల దృశ్యాలనుకుని ముచ్చటపడ్డారు. పగలు తీసి రాత్రి అని చూపించడాన్ని ఫ్రెంచి వాళ్ళు ‘అమెరికన్ రాత్రి’ అంటారు; త్రూఫో 1973లో తీసిన సినిమా పేరు అదే. మనకైతే మార్కస్ బార్ట్లీ ఉన్నాడు. ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957) సినిమాల్లో ఆయన తెరమీద ఆరబోసిన వెన్నెల నిజం వెన్నెల కాదని తెలిసీ మూడు తరాల వాళ్ళం అందులో తడిశాం. ఆయన ఆంగ్లో ఇండియన్. మా రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి కాబట్టి, తెరమీద ఆ పేరు పడినప్పుడల్లా మా ఊరి మనిషిని చూసినట్టు ఉండేది నాకు. కనుక బొమ్మ అబద్ధం అన్నది నా ఫిర్యాదు కాదు. బార్ట్లీ అబద్ధానికి ఒక చూపుంది. ఆ వెలుగు ఎవరి ముఖం మీద ఎంతసేపు నిలవాలో ఆయన ఆలోచించాడు.

నా అట్టమీది అబద్ధానికి ఆ చూపు లేదు. రెండు చోట్ల దొరికిపోయింది కూడా. వీధిదీపం ఆవిడకి కుడి పక్కనుంటే నీడ కూడా కుడికే పడుతోంది. ఆవిణ్ణి కత్తిరించిన ఫొటోలో సూర్యుడు ఎడమ పక్కన ఉన్నాడన్నమాట. రెండోది చీర. 19వ శతాబ్దంలో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త గమనించిన సంగతి ఒకటుంది. వెలుతురు తగ్గేకొద్దీ మన కంటికి మొదట నల్లబడేది ఎరుపు. నీలం, ఆకుపచ్చ ఇంకాసేపు నిలుస్తాయి. పెరట్లో మందార పువ్వుని సందెవేళ చూస్తే ఎవరికైనా తెలిసేదే. ఆ నీలపు వెన్నెల్లో ఆ చీర నల్లగా కనపడాలి. అయినా భగ్గున మండుతోంది. అంటే చుట్టూ ఉన్న లోకాన్నంతా చీకటి చేసిన చెయ్యి ఆవిడ దగ్గరికి వచ్చేసరికి ఆగింది. ఆమె కనపడాలి. కనపడకపోతే ప్రమాదం లేదు, ప్రమాదం లేకపోతే బొమ్మ లేదు. ఆమెకి ముఖం అక్కర్లేదు, ఎక్కడికి పోతోందో అక్కర్లేదు. వెనక నుంచి చూస్తున్న కన్ను ఎవరిదో మాత్రం అడక్కుండానే తెలుస్తోంది.

బిల్ బ్రాంట్ 1938లో ‘ఎ నైట్ ఇన్ లండన్’ అనే ఫొటోల పుస్తకం వేశాడు. అందులో కొన్ని పగలు తీసి చీకటి గదిలో ముదురుగా అచ్చు వేసినవే. రాత్రి వీధుల్లో కనిపించే మనుషులుగా తన ఇంటివాళ్ళనే నిలబెట్టాడు. భార్య చేత వేశ్యగా వేషం వేయించాడు. గొప్ప ఫొటోలు, కాదనను. కానీ ఆ పుస్తకం తిరగేసినప్పుడల్లా నాకు తట్టేది ఒకటే. చీకట్లో నిలబడ్డ ఆడదానికి పాత్రలు ఎంత తక్కువ! అంతకు చాలా ముందే బెర్లిన్‌లో హానా హోక్ పత్రికల్లోని ఫొటోలు కత్తిరించి తన బొమ్మలు తాను అతికించుకుంది. 1919 నాటి ఆమె ప్రసిద్ధ చిత్రం పేరులోనే వంటింటి కత్తి ఉంది. కత్తిరించి అతికించే పని మన చేతిలోకి వస్తే ఏమవుతుందో ఆమె అప్పుడే చూపించింది. మనకది ఇంకా అట్టల దాకా రాలేదు.

రాత్రి నుంచి ఆడవాళ్ళని కత్తిరించింది బొమ్మలొక్కటేనా? 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ సాయంత్రం ఏడు నుంచి ఉదయం ఆరు దాకా ఆడవాళ్ళు ఫ్యాక్టరీల్లో పనిచెయ్యకూడదంది. మద్రాసు హైకోర్టు దాన్ని 2000లో కొట్టేసింది. 2024లో కలకత్తాలో ఆసుపత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ మీద అత్యాచారం, హత్య జరిగాక, ఆడవాళ్ళకి వీలైనంత వరకూ రాత్రి డ్యూటీలు వెయ్యొద్దని అక్కడి ప్రభుత్వమే చెప్పింది. అది సుప్రీంకోర్టు చేత మాటపడింది. చట్టం చేసినా, బొమ్మ వేసినా ముందు చీకటి చేస్తారు. ఆ తర్వాత అందులోకి ఎందుకొచ్చావని మనల్ని అడుగుతారు.

ఇక మా ఊరి రాత్రి. ఆవిరి ఇంజన్ల కాలంలో బిట్రగుంట పెద్ద లోకో షెడ్డు. ఇంజన్లకి బొగ్గూ నీళ్ళూ ఇక్కడే, డ్రైవర్లు మారేదీ ఇక్కడే. విజయవాడ–మద్రాసు లైనుకి 1980 నాటికి కరెంటు తీగలు వచ్చాయి, ఆవిరి పోయింది, దాంతో ఊరూ చిక్కిపోయింది. నేను పెరిగిన రాత్రులకి చీకటి లేదు, నిశ్శబ్దమూ లేదు. ఫైర్‌బాక్స్ తలుపు తెరిచినప్పుడల్లా పైనున్న పొగ కింది నుంచి ఎర్రబడేది. వెలుగు కింది నుంచి పైకి పోయే రాత్రి అది. ఫొటోషాప్ నీలం పొరకి అందనిది. అర్ధరాత్రి కాల్‌బాయ్ వచ్చి తలుపు కొట్టి డ్యూటీ చెప్పేవాడు. మా నాన్న డ్రైవరు. ఆయన లేచి మొహం కడుక్కునేలోపు అమ్మ క్యారియర్ సర్దేది. అలా ఆ వీధిలో ఏ గంటకైనా ఎవరో ఒక ఆడమనిషి మేలుకునే ఉండేది. ఆ మెలకువకి జీతమూ లేదు, పేరూ లేదు. నా కథలు దాని గురించే.

మా మేనకోడలు తానే అట్ట వేస్తానంది. స్టేషన్ పక్కన పాత క్వార్టర్స్ వరసని ఫొటో తీసింది. మధ్యాహ్నం మూడింటికి తీసింది. “రాత్రి పూట తియ్యొచ్చు కదే, నీ కెమెరా మంచిదే కదా” అన్నాను. “నాన్న పోనిస్తాడా ఏంది? ఆరు దాటితే గేటు తీయడు” అంది నవ్వుతూ. మా తమ్ముడు చెడ్డవాడు కాదు. కూతురి చదువుకి అప్పు చేసినవాడు. కానీ తను పుట్టి పెరిగిన ఊళ్ళో ఆ పిల్ల రాత్రిని కంప్యూటర్లోనే చూస్తోంది. షిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, షిల్పా రానడే 2011లో తెచ్చిన ‘వై లాయిటర్?’ పుస్తకం ముంబయి వీధుల్లో ఆడవాళ్ళు పనీపాటా లేకుండా తిరిగే హక్కు గురించి మాట్లాడుతుంది. అది చదివి ఎంత చప్పట్లు కొట్టానో! మా గేటు సంగతి నాకప్పుడు గుర్తు రాలేదు.

తను చేసిన బొమ్మలో మనిషే లేదు. ఎందుకంటే, “ఆడమనిషిని పెడితే దయ్యం కథో, రేప్ కథో అనుకుంటారత్తా” అంది. మన ఇన్నేళ్ళ విమర్శ అంతా ఆ పిల్ల ఒక్క వాక్యంలో చెప్పేసిందనిపించింది. అలాగని మనిషిని తీసెయ్యడం నాకు మింగుడు పడలేదు. భయపడే బొమ్మ వద్దని అసలు రాత్రిలోంచే తప్పుకుంటే ఎట్లా? వాదించుకున్నాం. చివరికి మనిషి బదులు ఆమె ఉన్న గుర్తు పెడదామన్నాను. వరసలో ఒక్క ఇంటి వంటగది కిటికీ. దానికి పసుపు వెలుగు. ఎంత పసుపు, ఎంత మసక అని గంటసేపు కూర్చున్నాం. నాకు చాలా తృప్తిగా ఉండింది.

ఆ బొమ్మ అమ్మకి చూపించాం. ఎనభై నాలుగేళ్ళు ఆవిడకి, కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూసింది. “ఇదెవురిల్లు?” అంది. మనదే అన్నాను. “మనింట్లో ఆ యాళప్పుడు లైటెప్పుడేశా? మీరంతా ఆ గదిలోనే గదా పడుకుంటా ఉండింది. లేస్తారని యెయ్యను.”

నాకు నోట మాట రాలేదు. ఆ కిటికీ వెలుగు నా తొమ్మిది కథల్లోనూ ఉంది. పరుపు మీద పడుకుని చూసినట్టు, దాని ఆకారంతో సహా రాశాను. ఆ రాత్రుల్లో నేను నిద్రపోతున్నానని, లేచాక విన్నవాటిని, చదివినవాటిని, ఏవో సినిమాల్లో చూసినవాటిని పొరలు పొరలుగా పేర్చుకున్నానని అరవయ్యేళ్ళు దాటాక తెలిసింది. అట్ట వేసిన అబ్బాయిని ఇంకేమనను?

“మరి ఎట్టా కనపడేది అవ్వా?” అని అడిగింది మా మేనకోడలు.

“బొగ్గుల పొయ్యి ఉండేది గదా. కణకణ మంటా ఉంటే ఆ ఎలుగే చాలు. నా చేతులు కనపడితే చాలదా?”

ఆ పిల్ల కిటికీలో పసుపంతా తుడిచేసింది. వంటగది తలుపు వారగా తీసినట్టు చేసి, గడప కింద, నేలకి జానెడు ఎత్తులో, కొంచెం ఎరుపు పెట్టింది. అమ్మ మళ్ళీ వంగి చూసి, ఇంకా తగ్గించమంది.