తక్కువ అడిగే గులాబీ

తాగునీటిని తోటలకు వాడితే రూ.5,000 జరిమానా అని 2024 మార్చిలో బెంగళూరు జలమండలి ప్రకటించింది. ఆ వేసవిలో మా వీధిలో ముందుగా ఎండిపోయినవి హైబ్రిడ్ టీ గులాబీలు. అరచేతంత పువ్వు పూసే ఆ అంటుమొక్కలకు తరచూ నీళ్లు కావాలి, మందులు కొట్టాలి. ఓ ఇంటి గోడవారనున్న పన్నీరు గులాబీ మాత్రం ఆకులన్నీ రాల్చేసుకుని నిలబడింది, వాన పడగానే చిగురేసింది.

అందుకే ఈ ఊళ్లో గులాబీ పెంచాలనుకునేవాళ్లకు నా మాట ఒకటే. మొక్కను ఎలా కాపాడాలో తర్వాత చూద్దాం, ముందు ఏ మొక్క తెస్తున్నామో చూసుకుందాం.

పన్నీరు గులాబీ బోర్బన్ వంశంది. రీయూనియన్ దీవిలో చైనా గులాబీ, డమాస్క్ గులాబీ కలిసి పుట్టిన వంశమది. పువ్వు చిన్నది, రేకులు త్వరగా రాలతాయి, ఫ్లవర్‌వాజుకు పనికిరాదు. కానీ ఆ వాసన! పూజకైనా గుల్కందుకైనా దానికి సాటి లేదు. పైగా కొమ్మ నాటితే సొంత వేరు మీదే బతుకుతుంది. పైభాగం మాడిపోయినా మొదట్లోంచి వచ్చేది అదే గులాబీ. అంటుమొక్క మాడితే అడుగునున్న అడవి గులాబీ లేస్తుంది.

చలిదేశాల గులాబీని మన ఎండలో బతికించే తిప్పలు మాని, మన ఎండకు తగ్గ గులాబీనే పుట్టించాలని ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ పట్టుబట్టారు. భార్య గిరిజతో కలిసి, బెంగాల్ వైపు నీటి ఒడ్డుల్లో పెరిగే రోజా క్లైనోఫిల్లాను, మణిపూర్ కొండల రోజా జైగాంటియాను కొడైకెనాల్‌లో తోట గులాబీలతో సంకరం చేశారు. పూల పోటీల కప్పులకంటే ఆ శ్రమే నాకు గొప్పగా కనిపిస్తుంది. మన హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క పరిమళ కూడా విడిపూలకు మంచి రకమే.

నేలలో కుదురుకున్న మొక్కకు రోజూ చెంబెడు పోసేకంటే, వారానికి రెండుసార్లు వేరు తడిసేలా పోయడం మేలు. మొక్క మొదట్లో ఎండుటాకులు మందంగా పరవండి. ఆర్ఓ యంత్రం వదిలే నీరు వద్దు, అందులోని ఉప్పు గులాబీకి పడదు. వేసవిలో ఎర్రనల్లి కనిపిస్తే ఆకుల అడుగున నీళ్లు గట్టిగా చిమ్మితే చాలావరకు పోతుంది. వానల్లో నల్లమచ్చ తెగులు వస్తే రాలిన ఆకులు ఏరి పారేయండి, అక్టోబరులో కొమ్మలు కత్తిరించండి.

పన్నీరు గులాబీ కోసం నర్సరీకే వెళ్లక్కర్లేదు. జూన్ వానలు మొదలయ్యాక, చెట్టున్న ఇంటివాళ్లను పెన్సిలంత లావు కొమ్మ ఒకటి అడగండి.