హృదయమున నిలుచు ప్రార్థన

దేవాలయమున దూరముగా నిలిచి రొమ్ము కొట్టుకొనిన సుంకరి విన్నపమును, యెరికో త్రోవప్రక్క కూర్చుండిన గ్రుడ్డి బర్తిమయి మొరయు నొక్కటై, యేసును ప్రభువనియు దేవుని కుమారుడనియు పిలిచి, పాపినైన నన్ను కరుణింపుమని వేడుకొను చిన్న వాక్యముగా కుదిరి, తూర్పు క్రైస్తవ సన్యాసుల మౌనప్రార్థనకు శతాబ్దములుగా ఆధారమై యున్నది. నాలుగవ శతాబ్దమున ఐగుప్తు ఎడారులలో ఏకాంతవాసము చేసిన తపస్వులు ఇట్టి చిన్న మొరలనే రేయింబవళ్లు మననము చేసిరి. ఏడవ శతాబ్దమున సీనాయి మఠాధిపతియైన యోహాను క్లిమకసు యేసుస్మరణమును శ్వాసతో జతపరుపుమనెను. పదునాలుగవ శతాబ్దమున సన్యాసుల నెలవైన అథోసుగిరిమీద, సీనాయి గ్రెగొరీ మొదలగువారి బోధవలన, ఆ సాధన సుస్పష్టమైన రూపము దాల్చెను.

సాధకుడు ఏకాంతమున జానెడెత్తు పీటమీద కూర్చుండి, తల వంచి, ఊపిరిని వేగిరపడనీయక, వెలుపల తిరుగాడు బుద్ధిని హృదయస్థానమునకు దింపి, అచ్చటనే యా వాక్యమును నిలుపవలెను. మొదట పెదవులు పలుకును. పిదప మనస్సు పలుకును. తుదకు, దైవానుగ్రహమున్నచో, ప్రయత్నము లేకయే హృదయము పలుకును. చేత నూరు ముడుల ఉన్నిత్రాడు తిరుగుచుండును గాని, అది లెక్కకంటె ఏకాగ్రతకే హెచ్చుగా తోడ్పడును.

అన్నిటికంటె కఠినమైనది తలపులతోడి పోరు. దుష్టమైన తలపును గుర్తించుట సులభమే. కాని పరోపకారచింతగానో, వేదార్థవిచారముగానో, రేపటి ధర్మకార్యముగానో వచ్చు తలపు సాధువేషము ధరించి వచ్చును. దానితో వాదింపక, దానిని గద్దింపక, మరల నామమునకే తిరిగివచ్చుట సాధకుని పని. క్రీస్తు రూపమునైనను ఊహలో చిత్రించుకొనరాదనియు, జ్యోతి కాన్పించినను తొందరపడి నమ్మరాదనియు గ్రెగొరీ హెచ్చరించెను. ఈ మార్గపు గౌరవమంతయు నా హెచ్చరికయందే యున్నదని నా నమ్మిక. అనుభూతులను వేటాడువాడు నాలుగునాళ్లలో విసిగిపోవును, కరుణను యాచించువాడు ఏమియు కానరాకున్నను నిలిచియుండును. మన నామజపముతో దీనికి గల పోలిక తెలుగు పాఠకునకు వెంటనే తోచును. ఆ పోలిక నిజమే, కాని ఇచ్చటి నామము యాచనను విడిచి యుండదు, ఆ యాచన పశ్చాత్తాపమును విడిచి యుండదు.

దక్షిణ ఇటలీలోని కలబ్రియానుండి వచ్చిన బర్లామను పండితుడు, తల వంచి కూర్చుండు ఈ సాధకులు బొడ్డులో ఆత్మను వెదకువారని పరిహసించెను. అథోసు సన్యాసియు, పిమ్మట థెస్సలొనీక ఆర్చిబిషప్పునైన గ్రెగొరీ పలమా దానికి బదులు చెప్పుచు, దేహము దేవుని ఆలయమైనప్పుడు బుద్ధిని దేహములోనికి మరల్చుకొనుట దోషము కానేరదనియు, దేవుని స్వరూపము ఎవ్వరికిని అందనిదైనను ఆయన శక్తియందు మానవుడు నిజముగా పాలుపొందగలడనియు వాదించెను. 1341లో కాన్‌స్టాంటినోపిలున కూడిన సభ పలమా పక్షమునే సమర్థించెను. ఇంత వాదించిన పలమాయే శ్వాసపద్ధతి ముఖ్యముగా ప్రారంభకులకు ఉపకరణమని యొప్పుకొనుట గమనింపదగినది.

ఈ బోధలలో అనేకము 1782లో వెనిసు నగరమున ఫిలొకాలియా యను సంకలనముగా అచ్చుపడెను. పందొమ్మిదవ శతాబ్దమున దానిని రష్యను భాషలోనికి తెచ్చిన థియోఫాను, గురువులేని పాఠకునకు హాని కలుగునను శంకతో, శ్వాసపద్ధతిని వర్ణించు భాగములు కొన్నింటిని విడిచిపెట్టెను. ఆయన జాగ్రత్త మనకును తగినదే. గురువు దొరకని పాఠకుడు శ్వాసను దాని మానాన విడిచి, నామమును మాత్రము గైకొని, దినమున కొక పావుగంట ఏకాంతమున కూర్చుండుటతో ఆరంభించుగాక.