కట్టమంచివారి విమర్శ

కట్టమంచి రామలింగారెడ్డిగారి పేరు చెప్పినంతనే పలువురకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు స్ఫురించును. 1926లో ఆ పరిషత్తు వెలసినప్పుడు తొలి ఉపాధ్యక్షులు వారే. 1930లో ప్రభుత్వపు దమననీతికి నిరసనగా రాజీనామా నిచ్చినవారును వారే. మరల 1936 మొదలు 1949 వఱకు ఆ పదవిని నిర్వహించినవారును వారే. వారి సభాచమత్కారములను నేటికిని కథలుగా చెప్పుకొందురు. కాని మేము విచారింపదలచినది వేఱు. 1914లో వెలువడిన కవిత్వతత్త్వ విచారము తెలుగు చదువరికి ఏమి యిచ్చెను?

అంతకు పూర్వము మనలో కావ్యవిమర్శ యనగా చాలవఱకు వ్యాకరణదోషములను ఏఱుట, అలంకారములకు పేర్లు పెట్టుట, కవి కాలమును నిర్ణయించుట. ఇవి అక్కఱలేని పనులని మేమనము. వీరేశలింగము పంతులుగారి ఆంధ్రకవుల చరిత్రము లేనిచో మనకు కవుల వరుసయే తెలియకుండెడిది. అయినను కావ్యము మంచిదా కాదా యను ప్రశ్న మాత్రము వాకిటనే నిలిచియుండెను. రెడ్డిగారు దానిని లోనికి పిలిచిరి. పింగళి సూరన కళాపూర్ణోదయ ప్రభావతీ ప్రద్యుమ్నములను చేతబట్టి, ఇందు భావనాశక్తి యున్నదా, పాత్రలు తమ స్వభావమును బట్టి నడచుచున్నవా, వర్ణన కథకు తోడ్పడుచున్నదా యని యడిగిరి. ఇట్టి ప్రశ్నలు అడుగుటకు శాస్త్రములన్నియు చదివియుండ నక్కఱలేదు. ఇంట కూర్చుండి భారతము చదువుకొను గృహిణియు వీనిని అడుగవచ్చును. మా దృష్టిలో ఆ గ్రంథము చేసిన మేలు ఇదియే; ఇది చిన్న మేలు కాదు.

చిక్కంతయు కొలబద్దలో నున్నది. కేంబ్రిడ్జిలో చదివి వచ్చిన రెడ్డిగారు కథైక్యమును, స్వాభావికతను ప్రధానముగా నెంచిరి. ఆ కొలతకు తిక్కన చక్కగా నిలిచెను, ప్రబంధములు నిలువలేదు. నిలువని దానిని వారు క్షీణదశ యనిరి. ప్రబంధపద్యము సభలో చదువబడునది, ఒక్కొక్కటియే నిలిపి ఆస్వాదింపబడునది. తరువాత నేమి జరిగెనని నవలవలె ఆత్రముతో పుటలు త్రిప్పువానికి అది విసుగు పుట్టించుట వింత కాదు. ఆ విసుగునకు కవి యొక్కడే బాధ్యుడా? సూరన కథాకల్పనమును రెడ్డిగారు మెచ్చిరి, నిజమే. కాని కళాపూర్ణోదయములో బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథయే భూమిమీద మనుష్యుల బ్రతుకగును. ఇది స్వాభావికతకు లొంగు విషయమా? 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్‌మన్ గార్లు ఆ కావ్యము నాంగ్లీకరించి, వాక్కుయొక్క సృష్టిశక్తిని గూర్చిన ఆలోచనను అందు చూపిరి. రెడ్డిగారి కొలబద్దకు అందనిది అక్కడనే యున్నది.

వారి ముసలమ్మ మరణమును గూర్చి యొక్క మాట. విద్యార్థిదశలోనే వారు రాజులను, దేవతలను విడిచి, బుక్కరాయసముద్రము చెఱువుకట్ట నిలుపుటకు ప్రాణమిచ్చిన యొక కాపుకోడలిని నాయికగా చేసిరి. ఇది సాహసము. అయినను ఊరి చెఱువునకు కోడలి ప్రాణమే యేల వెల కావలెనని నేటి పాఠకురాలు అడిగిన, త్యాగమును కీర్తించుటలో మునిగిన ఆ కావ్యమునుండి ఆమెకు సమాధానము దొరకదు. ప్రబంధనాయికలను అంత నిశితముగా పరీక్షించిన విమర్శకుని కావ్యము గనుక ఈ ప్రశ్న అడుగుట న్యాయమే.

తరువాతి కాలమున వారి విమర్శ ఎక్కువగా పీఠికలలోను వ్యాసములలోను చెదరిపోయినది. పరిషత్తు పనులు వారి తీరికను హరించియుండును. పీఠికలలో మెఱుపులు లేకపోలేదు గాని, పెండ్లిపీటలమీద వరుని లోపములు ఎన్నువా రెవరు? ఆ మొదటి గ్రంథములోని తెగువ వానిలో అరుదు.

కళాశాలలలో మాత్రము వారి ప్రశ్నలు స్థిరపడినవి. పాత్రపోషణమును విమర్శింపుమని పరీక్షాపత్రము అడుగును. బాలుడు సూరనను తెఱవకయే రెడ్డిగారి తీర్పును వల్లించును. వారి గ్రంథమును చదువగోరువారు మొదట కళాపూర్ణోదయమును, కనీసము సుగాత్రీశాలీనుల కథవఱకైనను, తామే చదివి, తమ అభిప్రాయమును కాగితముపై పెట్టుకొని, పిమ్మట కవిత్వతత్త్వ విచారమును తెఱతురుగాక.