వేడెక్కాకే బ్రేకు సంగతి

బ్రేకు వేయడమంటే బండి వేగాన్ని వేడిగా మార్చడమే. లోడుతో ఘాట్ దిగే లారీకి ఆ వేడంతా డ్రమ్ముకూ లైనింగుకూ మధ్యనే పుడుతుంది. అది అక్కడే నిలిచిపోతే ప్రమాదం. లైనింగులో లోహపు రజను కలిపేది ముఖ్యంగా ఇందుకే.

లైనింగులకు రివెట్లు కొట్టే షాపు కనిపిస్తే కాసేపు నిలబడి చూడటం నాకు అలవాటు. ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ కొత్త లైనింగు చేతికి రాగానే ముందు ఎండలో అటూ ఇటూ తిప్పుతాడు. తర్వాత పాత స్పీకర్లోంచి ఊడదీసిన అయస్కాంతం ఆనిస్తాడు. "పచ్చగా మెరిసేది ఇత్తడి సార్. దీనికి అంటుకుంటే ఇనుము" అన్నాడు. "లోహం ఎంత ఎక్కువుంటే అంత మంచిదా?" అని అడిగాను. నవ్వి, పక్కనున్న పాత డ్రమ్ము లోపల నా వేలు పెట్టించాడు. గోరు ఇరుక్కునేంత లోతు గాళ్లు. "లైనింగు అరగాలి సార్, డ్రమ్ము మిగలాలి" అన్నాడు. ఈ శాస్త్రమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

లైనింగులో మిగతా సరుకు మనకు కొత్తదేమీ కాదు. మంగంపేటలో తవ్వే ముగ్గురాయి లాంటి ఖనిజాల పొడి, పలాసలో పప్పు తీశాక మిగిలే జీడిపెంకుల్లోని నూనెతో చేసే పదార్థాలు, గ్రాఫైట్, పీచు. వీటన్నిటినీ పట్టి ఉంచేది ఫినాలిక్ రెజిన్. చిక్కంతా దానితోనే. వేడి 300 డిగ్రీలు దాటే కొద్దీ రెజిన్ విడిపోయి వాయువులు వదులుతుంది, పట్టు జారుతుంది. ఎంత తొక్కినా బండి ఆగదు. మెకానిక్కులు 'ఫేడ్' అనేది దీన్నే.

ఇక్కడ రాగి ఆదుకుంటుంది. ఇనుము కంటే సుమారు 5 రెట్లు బాగా వేడిని మోసుకుపోతుంది. పైగా రాపిడికి పల్చని పొరలా పరుచుకుని పట్టు ఒకేలా ఉండేట్టు చూస్తుంది. ఇత్తడి అంత కాకపోయినా ఆ బాటలోనే నడుస్తుంది. ఇనుము చవక, వేడిలోనూ పట్టు బాగుంటుంది. కానీ డ్రమ్మునూ డిస్కునూ తినేస్తుంది, కీచుమంటుంది, వానాకాలం తుప్పు పడుతుంది. డిస్కు బ్రేకుల కార్లలో ఇంకో తంటా ఉంది. ప్యాడులో లోహం మితిమీరితే వేడి అందులోంచే వెనక్కి పాకి బ్రేకు ఆయిలును చేరుతుంది. డాట్ 3 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక 140 దగ్గరే మరిగిపోవచ్చు. ఆవిరి బుడగలు చేరితే పెడలు మెత్తగా కిందికి దిగిపోతుంది.

అన్ని పనులూ చేసిపెట్టే రాగికి ఇప్పుడు గడ్డుకాలం. అరిగిన రాగి ధూళి వాన నీటితో వాగుల్లో కలిసి సాల్మన్ చేపల వాసన పసిగట్టే శక్తిని దెబ్బతీస్తోందని కాలిఫోర్నియా 2010లోనే చట్టం చేసింది. అక్కడ అమ్మే ప్యాడుల్లో రాగి బరువు 2021 నుంచి 5 శాతం, 2025 నుంచి 0.5 శాతం మించకూడదు. రాగి ఒక్కటే చేసిన పనిని నాలుగైదు పదార్థాలకు పంచాల్సి రావడంతో తయారీదారులు తలలు పట్టుకున్నారు.

కొనేవాళ్లకు మాత్రం ఒక సులువుంది. చాలా లైనింగుల అంచున కోడ్ చివర రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాగాక పట్టు. 'ఈ' అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35, 'ఎఫ్' అంటే 0.35 నుంచి 0.45. 'ఎఫ్ ఈ' అని ఉంటే వేడికి పట్టు తగ్గుతుందని అర్థం. ఈసారి లైనింగులు మార్పించేటప్పుడు లోహం ఎంతుందని కాదు, రెండో అక్షరం ఏమిటని అడగండి.