వినబడని జవాబు: హెన్రీ వాట్సన్ ఫాక్స్ రచనల్లో తెలుగు శ్రోత

ఉపోద్ఘాతం

తెలుగునాట పనిచేసిన మిషనరీల ఉత్తరాలు, దినచర్యలు, జీవితచరిత్రలు ఇప్పటివరకు ప్రధానంగా రెండు దృష్టులతోనే చదవబడ్డాయి. సంఘచరిత్రకారులు వాటిలో త్యాగాన్ని వెతికారు. వలసపాలనను అధ్యయనం చేసేవారు అధికారాన్ని వెతికారు. ఆ రెండూ వాటిలో ఉన్నవే. అయితే ఒక పరదేశి యువకుడు బజారులో నిలబడి, కొత్తగా నేర్చిన తెలుగులో, ముక్కూ మొహం తెలియని మనుషులతో మోక్షాన్ని గురించి మాట్లాడినప్పుడు ఆ మాటలకు ఏ అర్థం కలిగింది అన్న ప్రశ్న సాహిత్య విద్యార్థులది. ఆ ప్రశ్నకు హెన్రీ వాట్సన్ ఫాక్స్ రచనలు తగిన ఆధారం.

రచయిత, రచనలు

ఫాక్స్ 1817లో ఇంగ్లండులోని డర్హం ప్రాంతంలో జన్మించాడు. రగ్బీ పాఠశాలలో, ఆక్స్‌ఫర్డ్‌లోని వాధం కళాశాలలో చదివాడు. చర్చి మిషనరీ సొసైటీ పక్షాన రాబర్ట్ నోబుల్‌తో కలిసి 1841లో మచిలీపట్నానికి బయలుదేరేనాటికి అతని వయస్సు ఇరవైమూడేళ్లు. ఇద్దరూ పని పంచుకున్నారు. నోబుల్ 1843లో పాఠశాల తెరచి పట్టణంలో స్థిరపడ్డాడు; ఫాక్స్ వీధుల్లో, చుట్టుపక్కల గ్రామాల్లో బోధిస్తూ తిరిగాడు. 1845లో భార్యను, పసిబిడ్డను కోల్పోయాడు. మిగిలిన పిల్లలను ఇంగ్లండులో విడిచి మళ్లీ బందరుకు వచ్చాడు. ఆరోగ్యం చెడి 1848లో స్వదేశానికి వెళ్లి, ఆ అక్టోబరులోనే మరణించాడు. ఇటువంటి మనిషి చిత్తశుద్ధిని శంకించడంతో విమర్శ మొదలుకాకూడదు. దాన్ని పొగడడంతో ముగియనూ కూడదు.

అతని పేర చదవదగినవి ప్రధానంగా రెండు. ఒకటి 1848లో వెలువడిన ‘చాప్టర్స్ ఆన్ మిషన్స్ ఇన్ సౌత్ ఇండియా’. రెండవది అతని ఉత్తరాలు, దినచర్యల ఆధారంగా సోదరుడు జార్జ్ టౌన్‌షెండ్ ఫాక్స్ కూర్చగా 1850లో వచ్చిన జీవితచరిత్ర. రెండింటికీ పాఠకుడు ఇంగ్లండులోనే ఉన్నాడు. బందరు బజారులో జరిగిన సంభాషణ డర్హంలో చదవడానికి రాయబడింది. రెండవ పుస్తకం మతాచార్యుడైన సోదరుని ఎంపిక కూడా కనుక, దానిలోని ప్రతి మౌనాన్నీ ఫాక్స్‌కే ఆపాదించడం న్యాయం కాదు.

జీవితచరిత్ర ముఖపత్రం ఫాక్స్‌ను తెలుగు ప్రజలకు మిషనరీగా పరిచయం చేస్తుంది. ‘తెలుగు ప్రజలు’ అనే సమూహానికి అక్కడ పేరుంది. పుస్తకంలో ఎదురయ్యే మనుషులు మాత్రం చాలావరకు కులంతో, వృత్తితో, వయస్సుతోనే కనిపిస్తారు. వినేవాడికి పేరు లేనప్పుడు అతని జవాబు ఒక వ్యక్తి అభిప్రాయంగా కాక, ఒక జాతి స్వభావానికి మచ్చుగా మారిపోతుంది. ఈ లక్షణం ఒక్క ఫాక్స్‌ది కాదు, ఆ కోవ రచనలన్నిటిదీ.

పాత మాటలు, కొత్త అర్థాలు

ఫాక్స్ రాకకు ముందే తెలుగులో క్రైస్తవ పరిభాష ఏర్పడసాగింది. విశాఖపట్నంలో పనిచేసిన లండన్ మిషనరీల కృషి ఫలితంగా 1818 నాటికే తెలుగు కొత్త నిబంధన అచ్చయింది. కాని ఆ పరిభాషలోని ప్రతి మాటా అప్పటికే మరొక ఇంట్లో కాపురం చేస్తున్న మాట. ‘పాపము’నే తీసుకోవచ్చు. సామాన్య శ్రోతకు పాపం పుణ్యంతో, దానంతో, తీర్థస్నానంతో తగ్గించుకోదగిన లెక్క. ఫాక్స్ సంప్రదాయంలో అది స్వప్రయత్నంతో పోని మానవస్థితి. పైగా తెలుగులో ‘పాపం!’ అనేది జాలిపడేటప్పుడు నోట వచ్చే మాట. చెమటలు కక్కుతూ అరుగు ముందు నిలబడిన తెల్ల యువకుడు ఆ మాటను పదేపదే పలుకుతుంటే, వింటున్నవారిలో కొందరైనా అదే మాటను అతని మీద జాలితో అనుకొని ఉండవచ్చు. ఇది ఊహే, కాని భాష అనుమతించే ఊహ.

ఇంతకన్నా చిక్కైనది ‘కొత్త జన్మ’. యోహాను సువార్తలో అది విశ్వాసి పొందవలసిన వరం. మళ్లీ పుట్టకుండా ఉండటమే మోక్షమని తలచే శ్రోతకు, మళ్లీ పుట్టాలని చెప్పే బోధ ఆశగా వినిపించిందా, శిక్షగా వినిపించిందా? ఇక్కడ అవరోధం శ్రోత మొండితనం కాదు. వక్త వ్యాకరణ దోషం కూడా కాదు. సి.పి. బ్రౌను వ్యాకరణం 1840లోనే వెలువడింది. వాక్యం తప్పులేకుండా చెప్పినా ఈ చిక్కు తీరదు.

విగ్రహారాధన ఖండనకూ కొత్తదనం కరువే. వేమన పద్యాలను బ్రౌను 1829లోనే ప్రకటించాడు. జనం నోళ్లలో అవి అంతకు చాలా ముందునుంచీ ఉన్నాయి. రాతిబొమ్మల మీద విసురు తెలుగువారికి సొంత భాషలో, అంతకన్నా పదునుగా తెలిసిందే. దేవుడొక్కడే, దారులు వేరన్న జవాబును ఆనాటి మిషనరీలు తరచుగా తప్పించుకునే మాటగా గ్రహించారు. అది దాటవేత కాదు. ఎదురు సిద్ధాంతం.

విన్నవారు ఒప్పుకున్నారని ఒక మిషనరీ రాసినచోట్ల ఇంకొంత జాగ్రత్త అవసరం. కంపెనీ పాలనలో తెల్లవాడు ముందు ‘దొర’, తరువాతే బోధకుడు. దొర మాటకు ‘చిత్తం’ అనడం మర్యాద, అంగీకారం కానక్కరలేదు. ఆంగ్లంలో ఒక్క క్రియాపదంగా మిగిలిన ఆ ఒప్పుకోలు వెనుక ఎన్ని చిత్తాలున్నాయో మూలసంభాషణ లేనిదే తేలదు.

మరొక బాటసారి

ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రను ఇక్కడ గుర్తుచేసుకోవడం అవసరం. 1830–31లో చేసిన ఆ ప్రయాణ వృత్తాంతం 1838లో అచ్చయింది. అదీ మద్రాసులోని మిత్రుని కోసం రాసినదే. అందులోనూ దారిపొడవునా అపరిచితులే. వీరాస్వామయ్యకూ గట్టి మతాభిప్రాయాలున్నాయి. కాని ఎదుటివాడు మారాలన్న తొందర లేకపోవడంవల్ల ఊళ్లు, ధరలు, ఆచారాలు అతని కంటికి వాటికవిగా ఆనాయి. ఫాక్స్ చూపును ఆ తొందర ఇరుకు చేసింది. అయితే దానివల్లనే అతడు వీరాస్వామయ్య అడగని ప్రశ్నను అపరిచితుల్ని అడిగాడు: చనిపోయాక నీవేమవుతావు?

ఆ ప్రశ్నకు ఫాక్స్ ఎదురుచూసిన జవాబు అతని జీవితకాలంలో రాలేదనే చెప్పాలి. నోబుల్ పాఠశాల విద్యార్థులిద్దరు 1852లో బాప్తిస్మం పొందినప్పుడు బందరులో పెద్ద కలకలం రేగింది, బడి దాదాపు ఖాళీ అయింది. 1859లో బెజవాడ ప్రాంతపు రాఘవాపురంలో మాల కులస్థుడైన పగోలు వెంకయ్య డార్లింగ్ చేత బాప్తిస్మం పొందాడు. అతని దగ్గరకు బోధకుడు వెతుక్కుంటూ వెళ్లలేదు. అతడే బోధకుణ్ణి వెతుక్కుంటూ వచ్చాడని సంఘచరిత్రలు చెబుతాయి. ఫాక్స్ వాదించిన వారిలో బ్రాహ్మణులున్నారు, వర్తకులున్నారు. బజారు గుంపు అంచున, దూరంగా నిలబడవలసివచ్చిన వారు ఏం విన్నారో ఆ పేజీల్లో వెతికే పని ఇంకా జరగవలసే ఉంది.