ఖాళీ చేయక తప్పని బేస్

క్రికెట్ చూసి పెరిగినవాళ్లకు సాఫ్ట్‌బాల్‌లో మొదట మింగుడుపడనిది బలవంతపు పరుగు. బంతిని కొట్టి క్రీజులోనే నిలబడతానంటే ఇక్కడ కుదరదు. ఫెయిర్ బంతి నేలను తాకిందా, బ్యాటర్ ఫస్ట్ బేస్‌కి ఉరకాల్సిందే. అక్కడ ముందే ఒక రన్నర్ ఉంటే ఆమె లేచి సెకండ్ బేస్‌కి పోవాలి. ఒక బేస్ మీద ఇద్దరికి చోటు లేదు. ఫోర్స్ అవుట్ నిబంధన మొత్తం ఈ ఒక్క మాట మీదే నిలబడింది.

ఇలా తప్పనిసరై కదిలిన రన్నర్‌ని తాకనక్కర్లేదు. బంతి చేతపట్టుకుని, ఆమె చేరాల్సిన బేస్‌ని ముందుగా తొక్కితే చాలు, అవుట్. ఫస్ట్, థర్డ్ బేస్‌ల మీద రన్నర్లుండి సెకండ్ ఖాళీగా ఉందనుకోండి. థర్డ్‌లో ఉన్నామెను వెనక నుంచి తరిమేవాళ్లెవరూ లేరు. ఆమె కదిలితే అది సొంత నిర్ణయం, కాబట్టి బంతితో తాకి తీరాలి.

నన్ను బాగా మురిపించేది ఈ బలవంతం ఆట మధ్యలోనే ఆవిరైపోయే తీరు. ఫస్ట్‌లో రన్నర్ ఉంది. ఫస్ట్ బేస్‌ ఫీల్డర్ దొర్లుతున్న బంతిని అందుకుని, పక్కనే ఉన్న బేస్ తొక్కి సెకండ్‌కి విసిరింది. బ్యాటర్ అవుటైపోయింది గనక ముందున్న రన్నర్‌కి ఇక తరుము లేదు, సెకండ్‌లో ఆమెను తాకాల్సిందే. అదే బంతిని ముందు సెకండ్‌కి విసిరి వెనక్కి తెప్పించుకుంటే రెండు చోట్లా బేస్ తొక్కడంతో సరి. బేస్‌ల మధ్య దూరం 60 అడుగులే. ఈ లెక్కంతా బంతి చేతిలో పడేలోపే తేలిపోవాలి.

ఇంత చక్కటి అమరికలోనూ ఒక దొంగదారి ఉంది. తేలిగ్గా పట్టగల క్యాచ్‌ని కావాలని జారవిడిస్తే, పట్టేస్తారని బేస్ దగ్గరే ఆగిన రన్నర్లు ఇద్దరు దొరికిపోతారు. అందుకే ఇన్‌ఫీల్డ్ ఫ్లై నిబంధన: ఫస్ట్, సెకండ్ రెండూ నిండి, ఇద్దరింకా అవుట్ కాకపోతే, బంతి గాల్లో ఉండగానే అంపైర్ బ్యాటర్‌ని అవుట్ అనేస్తాడు. దాంతో ఫోర్స్ పోతుంది, దొంగదారీ మూసుకుపోతుంది.

ఫోర్స్‌లా కనిపించి మోసం చేసే అవుట్ కూడా ఒకటుంది. టోక్యో ఒలింపిక్స్ సాఫ్ట్‌బాల్ ఫైనల్లో, 2021 జూలైలో, జపాన్ 2-0తో అమెరికాపై గెలిచింది. ఆరో ఇన్నింగ్స్‌లో అమెరికా బ్యాటర్ బలంగా కొట్టిన బంతి థర్డ్ బేస్‌ ఫీల్డర్ యామమోతో చేతికి తగిలి ఎగిరింది. షార్ట్‌స్టాప్ అత్సుమి దాన్ని నేలను తాకనివ్వకుండా పట్టి సెకండ్‌కి విసిరింది. ఆ బేస్ వదిలి కదిలిన రన్నర్ వెనక్కి చేరేలోపే బంతి అక్కడికి చేరింది. ఒక్క బంతికి ఇద్దరు అవుట్.

బేస్ తొక్కితే అవుటయ్యింది గనక చూడ్డానికి అచ్చం ఫోర్స్‌లాగే ఉంటుంది. కానీ కాదు. క్యాచ్‌తోనే బ్యాటర్ పని అయిపోయింది. రన్నర్ చిక్కింది తాను బయలుదేరిన బేస్‌కి తిరిగి రాలేక. తేడా మూడో అవుట్ దగ్గర బయటపడుతుంది. అది ఫోర్స్ అయితే, ముందే హోమ్ ప్లేట్ తొక్కిన రన్నర్ పరుగు కూడా రద్దు. ఇలాంటి అవుట్ అయితే, అంతకుముందే సక్రమంగా వచ్చిన పరుగు బోర్డెక్కుతుంది.