కమాన్ కట్టల లెక్క

కమాన్ కట్ట (లీఫ్ స్ప్రింగ్) ఎంత గట్టిగా ఉంటే బండికి అంత మంచిదనుకుంటాం. కానీ భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు మోసే లారీ, మహబూబాబాద్ వైపు మిర్చి బస్తాల ట్రాలీ ఆటో, జనగామ మార్కెట్‌కు వడ్లు తెచ్చే ట్రాక్టర్ ట్రాలీ ఒకే గట్టితనం అడగవు. ఆ తేడా పట్టుకోవడంలోనే మేస్త్రీ పనితనమంతా ఉంది. కట్టలో పైపట్టీ పొడవు, కిందికి పోయేకొద్దీ పొట్టి. బరువు పడే నడుమన మందం, కొసల్లో పలచన. పట్టీలు ఒకదానితో ఒకటి ఒరుసుకునే రాపిడే కుదుపును కొంత మింగుతుంది. వంపు చచ్చిన పట్టీని సుత్తెతో వరుసగా కొట్టి మళ్లీ విల్లులా తేవడం మోటుపనిలా కనిపిస్తుంది గానీ, ఒక్కచోట దెబ్బ ఎక్కువైతే తర్వాత అక్కడే విరగొచ్చు.

గట్టితనం కోసం అదనపు పట్టీ వేయడం ఓవర్‌లోడుకు దొంగదారి కాదా? కొంత నిజమే. పట్టీ చేర్చినంత మాత్రాన ఇరుసు, బ్రేకు, టైరు బలం పెరగవు. పైగా ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. లోడు పడ్డాకే పనిలోకి దిగే సహాయక కట్ట పుట్టింది ఈ చిక్కు తీర్చడానికే. ఇసుకదిబ్బల మీద దూకే నాలుగు చక్రాల స్పోర్ట్స్ బండ్లకు ఖరీదైన షాకబ్జర్లు వేయించేవాళ్లు కోరేదీ ఇదే: మొదట మెత్తగా, అణిగేకొద్దీ గట్టిగా. (అక్కడ దాన్ని ట్యూనింగ్ అంటారు, ఇక్కడ రిపేరు.) ఇక కొత్త కట్టే కొనొచ్చుగా అంటే, పగులు పట్టినదానికి అదే దారి. వంపు మాత్రమే పోయినదాన్ని పారేయడం మంచి ఉక్కును వృథా చేయడమే.